పాత క్యాసెట్లో మాట్లాడింది ఎవరో కంప్యూటర్‌తో తేల్చుకోవడం ఎలా

మా ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బా నిండా క్యాసెట్లున్నాయి, మొత్తం పదకొండు. 1986 నుంచి 1994 దాకా మా బాబాయి మస్కట్‌లో పనిచేసినప్పుడు అక్కడి నుంచి వచ్చినవి కొన్ని, ఇక్కడ మాట్లాడి పంపితే ఆయన సెలవుకి వస్తూ వెనక్కి తెచ్చినవి కొన్ని. కోనసీమలో గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇళ్లవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఫోను దొరకదు, దొరికినా బోలెడు ఖర్చు, ఉత్తరం రాద్దామంటే మామ్మకి రాయడం రాదు, అందుకని టూ ఇన్ వన్ (రేడియో, టేప్‌రికార్డర్ కలిసున్న పెట్టె) ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేవాళ్లు, ఆ క్యాసెట్‌ని మస్కట్ వెళ్లే ఎవరో ఒకరి చేతిలో పెట్టేవాళ్లు.

కిందటేడు వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. చాలావరకు ఏ గొంతు ఎవరిదో తెలిసిపోయింది, ఎందుకంటే మనవాళ్లు "ఒరేయ్, నేనురా, అమ్మని" అని మొదలెడితే గానీ ముందుకు వెళ్లరు. ఒక్క ముక్క దగ్గర మాత్రం ఇల్లు రెండుగా చీలింది. 1988 నాటి క్యాసెట్ రెండో వైపు చివర్లో 38 సెకన్లు, మగ గొంతు, కొబ్బరికాయల దింపు గురించీ కాలవకి నీళ్లు వదలకపోవడం గురించీ మాట్లాడుతుంది. పేరు చెప్పుకోలేదు. మా మేనత్త అది తాతయ్యే అంటుంది. అమ్మేమో కాదు, పెదనాన్న అంటుంది. అడుగుదామంటే ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఆ పంచాయతీ తీర్చడానికి నేను దిగాను. మూడు వారాలు పట్టింది, మధ్యలో ఒకసారి పూర్తిగా తప్పు తీర్పు చెప్పి నవ్వులపాలయ్యాను కూడా. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గరున్నవి క్యాసెట్లే కానక్కర్లేదు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు కావచ్చు, పాత పెళ్లి వీడియో కావచ్చు, కాల్ రికార్డింగ్ కావచ్చు, పద్ధతి ఒకటే.

కంప్యూటర్ అసలు గొంతులో ఏం వెతుకుతుంది?

గొంతులోని స్వరతంత్రులు కొట్టుకుంటే శబ్దం పుడుతుంది. మగవాళ్లలో సెకనుకి 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లలో 200కి అటూ ఇటూగా, చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువ. ఇదే పిచ్. మనిషిని గుర్తుపట్టేది దీంతోనే అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను, కానీ ఒకే మనిషి పొలంలో ఉన్నవాణ్ని కేకేసినప్పుడు ఒక పిచ్, రాత్రి పడుకునేముందు మాట్లాడితే ఇంకో పిచ్. దాన్ని నమ్ముకుంటే గోవిందా.

అసలు సంగతి ఆ శబ్దం ప్రయాణించే గొట్టంలో ఉంది. కుళాయి కింద బిందె పెట్టి లోపల వేరే పని చేసుకుంటూ కూడా అది నిండబోతోందని చెవికే తెలిసిపోతుంది కదా, నీళ్లు పైకి వచ్చేకొద్దీ పైన గాలి ఉన్న జాగా తగ్గి శబ్దం సన్నబడుతుంది కాబట్టి. మన నోరు కూడా అలాంటి బిందే. స్వరతంత్రుల నుంచి పెదాల దాకా పెద్ద మగమనిషిలో సుమారు 17 సెంటీమీటర్ల గొట్టం, ఆడవాళ్లలో కొంచెం పొట్టి, దాని మలుపులు, అంగిలి ఎత్తు, పళ్ల వరస, ముక్కు లోపలి ఖాళీలు అన్నీ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలను పెంచుతాయి, కొన్నిటిని మింగేస్తాయి. పెరిగిన చోట్లని ఫార్మెంట్లు అంటారు.

కళ్లతో చూడాలంటే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకోండి, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైంది, డచ్చిలో ఆ మాటకి అర్థమే మాట్లాడటం. అందులో మీ గొంతుతో ఆ, ఈ, ఊ అని ఒక్కోటి రెండు సెకన్లు సాగదీసి రికార్డు చేసి చూడండి. "ఈ" అన్నప్పుడు మొదటి ఫార్మెంట్ 300 హెర్ట్జ్ చుట్టుపక్కల, రెండోది 2,200 పైచిలుకు, మధ్యలో పెద్ద ఖాళీ. "ఆ" అనగానే అవి రెండూ దగ్గరికి వచ్చేస్తాయి, సుమారు 700 దగ్గర ఒకటి, 1,200 దగ్గర ఒకటి. ఇప్పుడు అదే "ఈ"ని ఇంట్లో ఇంకొకరితో అనిపించండి. గీతలు కాస్త పక్కకి జరుగుతాయి. ఏ అక్షరం అన్నారో చెప్పేదీ అదే గీత, ఎవరు అన్నారో చెప్పేదీ అదే గీత, రెండూ కలిసిపోయి ఉంటాయి, ఈ పనిలో ఉన్న కష్టమంతా అదే. ఒక్క మాట విని మనిషిని తేల్చడం అందుకే కుదరదు, రకరకాల అక్షరాలు పడేంత సేపు మాట ఉంటేనే అక్షరాల తేడా సర్దుకుని మనిషి మిగులుతాడు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. 1962లో బెల్ ల్యాబ్స్‌లో లారెన్స్ కెర్‌స్టా అనే ఆయన ఇలాంటి గీతల బొమ్మలకి "వాయిస్‌ప్రింట్" అనే పేరుని ప్రచారంలోకి తెచ్చి, వేలిముద్ర లాగే గొంతుముద్ర అన్నాడు. పేరు భలే అతుక్కుంది, ఇప్పటికీ టీవీ సీరియల్లో పోలీసు అదే అంటాడు. 1979లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వేసిన కమిటీ దాన్ని అంత గుడ్డిగా నమ్మొద్దని తేల్చింది. వేలిముద్ర పొద్దున్న ఒకలా సాయంత్రం ఒకలా ఉండదు. గొంతు ఉంటుంది, జలుబు చేస్తే ఇంకోలా ఉంటుంది.

కంప్యూటర్ చేసే పని

కంప్యూటర్ మాటని 25 మిల్లీసెకన్ల ముక్కలుగా చూస్తుంది, 10 మిల్లీసెకన్లకోసారి ముందుకు జరుగుతూ. ప్రతి ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత బలం ఉందో కొలుస్తుంది, అదీ మన చెవి లాగే, కింది స్థాయిలో సన్నగా, పైకి వెళ్లేకొద్దీ మోటుగా. 1980లో డేవిస్, మెర్మెల్‌స్టీన్ అనే ఇద్దరు ప్రచారంలోకి తెచ్చిన ఎంఎఫ్‌సీసీ లెక్క చాలా ఏళ్లు దీనికి పునాది. 2000 ప్రాంతంలో ఆ అంకెల గుంపులకి గణాంకాల నమూనాలు కట్టేవాళ్లు, తర్వాత గొంతుని ఒక అంకెల వరసగా మార్చే ఐ-వెక్టర్ పద్ధతి వచ్చింది, 2018లో న్యూరల్ నెట్‌వర్క్‌తో ఎక్స్-వెక్టర్, 2020లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్ల ఎకాపా. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో బి. యజ్ఞనారాయణ గారి బృందం ఇంకో వైపు నుంచి వచ్చింది, గొట్టాన్ని పక్కన పెట్టి స్వరతంత్రులు కొట్టుకునే తీరులోనే మనిషి ఆనవాలు ఎంత ఉందో వెతికింది. ఆసక్తి ఉన్నవాళ్లు ఆ పేపర్లు చదవండి, నేను మాత్రం ఎకాపాతో సరిపెట్టుకున్నాను, కారణం ఒక్కటే, దొరకడం తేలిక.

మనం ఏ నెట్‌వర్క్‌కీ చదువు చెప్పక్కర్లేదు. వాక్స్‌సెలెబ్ అని, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు యూట్యూబ్ ఇంటర్వ్యూల నుంచి ఏరిన ఏడు వేలమందికి పైగా ప్రముఖుల గొంతులున్నాయి, వాటితో ముందే తయారైన ఎకాపా మోడల్ స్పీచ్‌బ్రెయిన్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీతో వస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. పైథాన్ పేరు వింటేనే టెన్షన్ వచ్చేవాళ్లు ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లల్ని ఒక పూట కూర్చోబెట్టుకోండి, నాలుగైదు వరసల కోడ్ అంతే.

ఆడియో ముక్క ఇస్తే ఆ మోడల్ 192 అంకెలు ఇస్తుంది. రెండు ముక్కలిస్తే రెండు వరసలు, వాటి మధ్య ఎంత దగ్గరితనం ఉందో ఒక స్కోరు చెప్తుంది, 1కి దగ్గరైతే బాగా దగ్గర, సున్నా చుట్టూ ఉంటే సంబంధం లేదని. స్పీచ్‌బ్రెయిన్‌లో గీత 0.25 దగ్గర గీసి పెట్టారు, అది దాటితే ఒకే మనిషి అని చెప్పేస్తుంది. ఆ గీతని మీరు మాత్రం నమ్మకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆడియో సిద్ధం చేయడం, అసలు పనంతా ఇక్కడే

నా మూడు వారాల్లో రెండున్నర వారాలు దీనికే పోయాయి, పోవాలి కూడా.

క్యాసెట్ అయితే ముందు దాని చక్రం రంధ్రంలో పెన్సిల్ పెట్టి ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి చుట్టండి, ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు అతుక్కుని ఉంటాయి. బూజు తెల్లగా కనిపిస్తే టేప్ డెక్కులో పెట్టకండి, మిగతా క్యాసెట్లకీ అంటుతుంది. టేపుని చదివే హెడ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ఆ తర్వాత హెడ్ పక్కనుండే చిన్న స్క్రూ, పాత టేప్‌రికార్డర్ మెకానిక్కులు దీన్ని ఒక చెవితో వింటూ తిప్పేవాళ్లు గుర్తుందా, అదే. వేరే మెషీన్‌లో రికార్డయిన టేపుకి హెడ్ వాలు సరిపోకపోతే "స", "శ" శబ్దాలు దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. వింటూ వెంట్రుకవాసి తిప్పండి, "స" పదునుగా వచ్చినచోట ఆపండి. గొంతు ఆనవాలులో మంచి భాగం ఆ పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, ఇక్కడ పోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు.

డెక్ నుంచి కంప్యూటర్‌కి లైన్ ఇన్‌లో వైరు పెట్టండి, మైక్ సాకెట్‌లో పెడితే శబ్దం పగిలిపోతుంది. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో వేవ్ ఫైలుగా దాచుకోండి, ఎంపీ3 వద్దు. ఆ అసలు ఫైలుని మళ్లీ ముట్టుకోవద్దు, చేసేదంతా కాపీ మీదే.

ఇక వేగం. నాకు చాలా ఆలస్యంగా తట్టిన విషయం ఇది. ప్రతి టేప్‌రికార్డర్ మోటారూ ఒకే వేగంతో తిరగదు, బ్యాటరీ దిగిపోతుంటే ఇంకా నెమ్మదిస్తుంది. నెమ్మదిగా తిరిగే మెషీన్‌లో రికార్డు చేసి సరైన వేగంతో వింటే గొంతు సన్నబడుతుంది. నాలుగు శాతం తేడా మన చెవికి పెద్దగా తెలియదు, "కొంచెం చిన్న వయసు గొంతులా ఉందే" అనిపిస్తుంది అంతే. కానీ లెక్కలో 17 సెంటీమీటర్ల గొట్టం 16.3 అయిపోతుంది, అంటే వేరే మనిషి.

దీన్ని పట్టుకునే దారి ఒకటి ఉంది. టూ ఇన్ వన్‌ని బ్యాటరీ మీద కాకుండా కరెంటు మీద పెట్టి రికార్డు చేసి ఉంటే మాటల వెనక సన్నటి గుయ్ శబ్దం ఉంటుంది. అది కరెంటు తాలూకు హమ్, మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, ఒమన్‌లోనూ 50. ఆడాసిటీలో ఎవరూ మాట్లాడని ఐదారు సెకన్లు ఎంచుకుని, ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి, సైజు 65536 పెట్టండి, ఎడమ చివర చూడండి. నా టేపులో రెండు ముళ్లు కనిపించాయి, ఒకటి సరిగ్గా 50 దగ్గర, ఒకటి 52 దగ్గర. 50 దగ్గరున్నది ఇప్పటి నా డెక్‌ది, టేపుది కాదు. 52 దగ్గరున్నది 1988లో మా పెంకుటింటి ప్లగ్గులోంచి వచ్చిన కరెంటు. అంటే టేపు నాలుగు శాతం వేగంగా తిరుగుతోంది. స్పీడ్ మార్చే ఎఫెక్ట్‌లో 50ని 52తో భాగిస్తే వచ్చిన 0.9615 పెట్టాను, ముల్లు 50కి వచ్చి కూర్చుంది, గొంతు కాస్త దిగి నిండైన మగ గొంతులా అయింది. ఇక్కడ స్పీడూ పిచ్చూ కలిపి మార్చే ఎఫెక్టే వాడాలి, పిచ్ అలాగే ఉంచి టెంపో మాత్రం మార్చేది వాడితే చేసిందంతా వృథా. 50 దగ్గర ఏమీ కనబడకపోతే 100 దగ్గర వెతకండి. కరెంటు 60 హెర్ట్జ్ ఉండే దేశాల నుంచి, అమెరికా నుంచి వచ్చిన టేపైతే 60, 120.

నాయిస్ రిడక్షన్ జోలికి పోకండి. వినడానికి హాయిగా ఉంటుంది గానీ అది టేపు బుసతో (హిస్) పాటు గొంతులోని సన్నటి భాగాల్నీ కొరికేస్తుంది, నీళ్లలోంచి మాట్లాడినట్టు చేస్తుంది. ఫ్యానూ, వర్షమూ, వెనకాల రేడియోలో వార్తలూ ఉంటే ఆ సెకన్లని కత్తిరించి పక్కన పెట్టడమే మేలు.

తర్వాత ముక్కలు చేయడం. ఒక్కో ముక్కలో ఒక్కరే ఉండాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట్లు (మా ఇంట్లో అదే ఎక్కువ) తీసేయండి. గంటలకొద్దీ ఆడియో ఉంటే ఎవరు ఎప్పుడు మాట్లాడారో గీతలు గీసి ఇచ్చే పయానోట్ లాంటి ఉచిత సాధనాలున్నాయి, బాగానే చేస్తాయి గానీ "ఊఁ", "అవునవును" లాంటి చిన్న మాటల్ని పక్కవాళ్ల ఖాతాలో వేస్తాయి, కాబట్టి చివరికి చెవితో చూసుకోవాల్సిందే. నవ్వు, ఏడుపు, కేక, గుసగుస, పాట కూడా వేరుచేయండి, మామూలు మాటని మామూలు మాటతోనే పోల్చాలి. అన్నిటినీ 16 కిలోహెర్ట్జ్, మోనో, వేవ్‌గా మార్చండి, మోడల్ తినేది అదే.

ఎంత సేపు ఉండాలి? తెలిసిన మనిషి నమూనా నిమిషం దాకా ఉంటే బాగు. తెలియని ముక్క పది సెకన్లకి పైన ఉంటే మాట్లాడుకోవచ్చు, మూడు సెకన్లలోపు ఉంటే స్కోరు కాకిలెక్కే.

నేను ఇచ్చిన తప్పు తీర్పు

తాతయ్య గొంతు ఖాయంగా తెలిసిన చోటు అదే క్యాసెట్ మొదటి వైపు ఉంది, పేరు పెట్టి మరీ మాట్లాడారు. పెదనాన్నది 2014లో ఎవరో ఫోన్లో తీసిన గృహప్రవేశం వీడియోలో దొరికింది. రెండిటినీ ఆ 38 సెకన్లతో పోల్చాను. తాతయ్యకి 0.47, పెదనాన్నకి 0.19. ఇంకేముంది, కుటుంబం గ్రూపులో పెట్టేశాను, మేనత్త సంబరపడి ఫోన్ల మీద ఫోన్లు చేసింది, అమ్మ రెండు రోజులు నాతో ముభావంగా ఉంది.

మూడో రోజు ఊరికే సరదాకి అదే క్యాసెట్లో ఉన్న మామ్మ గొంతుని ఆ ముక్కతో పోల్చాను. 0.31 వచ్చింది. ఆడమనిషి గొంతు! పెదనాన్న కన్నా మామ్మే ఆ మగ గొంతుకి దగ్గరట. స్పీచ్‌బ్రెయిన్ గీత 0.25ని బట్టి చూస్తే ఆ మాట్లాడింది మామ్మే అనాలి. అప్పుడు మామ్మ మాట్లాడిన ఇంకో క్యాసెట్ తెచ్చి పోలిస్తే 0.06.

జరిగిందేంటంటే, కంప్యూటర్ గుర్తుపట్టింది మనిషిని కాదు, క్యాసెట్‌ని. అదే టేపు, అదే మెషీన్, అదే మైకు, అదే గది, అదే హిస్. ఆ పోలికలన్నీ 192 అంకెల్లోకి ఎంతో కొంత దూరి ఉంటాయి. తాతయ్యకి అదనపు మార్కులు అలా వచ్చాయి. పెదనాన్నకి రెండు విధాల అన్యాయం జరిగింది, ఒకటి రికార్డింగ్ పూర్తిగా వేరు, రెండోది మధ్యలో 26 ఏళ్ల వయసు. వయసుతో గొంతు మారుతుంది, నమూనాల మధ్య ఏళ్లు పెరిగేకొద్దీ సొంత గొంతుకే స్కోరు పడిపోతుంది.

కాబట్టి పోల్చేవాళ్లందరికీ ఒకే రకం పరిస్థితి ఉండేలా చూడాలి. అందరివీ అదే క్యాసెట్ నుంచి తీసుకోండి, లేకపోతే అందరివీ వేరే క్యాసెట్ల నుంచి తీసుకోండి, ఒకరిది ఇక్కడా ఒకరిది అక్కడా వద్దు. కాలం కూడా దగ్గరగా ఉండాలి. ఒకటి ఫోన్ కాల్ రికార్డింగ్ అయ్యి ఇంకోటి మంచి మైకుతో తీసింది అయితే, పాత ఫోన్ లైన్లు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యే మోస్తాయి కాబట్టి, మంచిదాన్ని కూడా ఆ మేరకే కత్తిరించి 8 కిలోహెర్ట్జ్‌కి దించి, మళ్లీ 16కి తెచ్చి అప్పుడు పోల్చండి. మంచి ఆడియో పాడుచేయడానికి చెయ్యి రాదు, కానీ చేయాలి.

ఇంకోటి, సంబంధం లేనివాళ్లని కూడా పోటీలో నిలబెట్టాలి. పోలీసు గుర్తింపు పరేడ్‌లో అనుమానితుణ్ని ఒక్కణ్నే నిలబెడితే ఎవరైనా వాణ్నే చూపిస్తారు. మా క్యాసెట్లలో ఇరుగుపొరుగు మగవాళ్లు, బంధువులు తొమ్మిదిమంది దొరికారు, ఒక్కొక్కరితో ఆ 38 సెకన్లని పోల్చి స్కోర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. సగటు 0.11, అందరికన్నా పైన ఉన్నవాడికి 0.27. అంటే మా టేపుల ప్రపంచంలో సంబంధం లేనివాడు కూడా 0.27 దాకా రాగలడు. ఆ 0.25 గీత మనకి ఎందుకు పనికిరాదో ఇప్పుడు తెలిసింది కదా, ఆ మోడల్ ఎక్కువగా ఇంగ్లిష్ ఇంటర్వ్యూల మీద తయారైంది, మీ గీత మీ ఆడియో మీద మీరే గీసుకోవాలి. అలాగే ఒకే మనిషివని ఖాయంగా తెలిసిన ముక్కల్ని వేర్వేరు క్యాసెట్ల నుంచి తీసి వాటినీ పోల్చండి, నాకు అవి 0.44 నుంచి 0.68 దాకా వచ్చాయి. ఈ రెండు గుంపుల మధ్య ఖాళీ ఎక్కడుందో అక్కడ మీ గీత. ఖాళీయే లేకుండా రెండూ కలగలిసి ఉంటే ఆ ఆడియోతో తేలదని అర్థం, అక్కడితో ఆపేయండి.

వాక్స్‌సెలెబ్ పరీక్షలో ఈ మోడల్ తప్పులు ఒక శాతం లోపే అని రాసి ఉంటుంది. నిజమే. ఆ పరీక్షలో మా డబ్బా క్యాసెట్లు లేవు.

అన్నదమ్ములు, తండ్రీకొడుకుల దగ్గర మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. ఎముకల తీరు ఒకటే, మాట్లాడే యాస ఒకటే, ఫోన్లో కొడుకు ఎత్తితే తండ్రి అనుకుని అప్పు సంగతి చెప్పేసిన వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. 2017లో బీబీసీ విలేకరి ఒకాయన బ్యాంకు ఖాతా గొంతు తాళాన్ని ఆయన కవల సోదరుడు అనుకరించి దాటిపోయాడు, వాళ్లు అచ్చుగుద్దినట్టుండే కవలలు కూడా కాదు. అందుకని తెలిసిన తాతయ్య ముక్కనీ తెలిసిన పెదనాన్న ముక్కనీ ముందు వాళ్లలో వాళ్లకే పోల్చాను, 0.36. ఇది కాగితం మీద పైనే రాసి పెట్టుకున్నాను.

ఆ తర్వాత అసలు పోలిక మళ్లీ చేశాను. తాతయ్యది 1990 క్యాసెట్ నుంచి, పెదనాన్నది 1987 క్యాసెట్ నుంచి, వేగం సరిచేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి. సరిచేయకముందు పెదనాన్న 0.46, చేశాక 0.55. తాతయ్య 0.33, తండ్రీకొడుకుల మధ్య మామూలుగా ఉండే పోలికంత మాత్రమే. ముక్కని మూడు భాగాలు చేసి విడివిడిగా చూసినా మూడుసార్లూ పెదనాన్నే ముందున్నాడు. అమ్మ మాటే నెగ్గింది.

దీన్ని ఎక్కడ వాడకూడదు

బెదిరింపు కాల్ ఎవరు చేశారో తేల్చడానికో, ఆస్తి తగాదాలో ఫలానావాడే ఆ మాట అన్నాడని నిరూపించడానికో ఇంట్లో తీసిన స్కోరు పట్టుకుని వెళ్లకండి. ఆ పని ఫోరెన్సిక్ ల్యాబ్‌ది. అక్కడ అనుమానితుడితో అవే మాటలు మళ్లీ పలికించి రికార్డు చేసి పోలుస్తారు, దానికి నమూనా ఇవ్వమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చని 2019 ఆగస్టులో రితేష్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 349వ సెక్షన్ ఆ సంగతే చెప్తోంది. మీరు చేయాల్సిందల్లా అసలు రికార్డింగ్‌ని ఏమీ కత్తిరించకుండా, ఫార్వర్డ్ చేయకుండా, ఆ ఫోన్లోనే భద్రంగా ఉంచడం.

"అమ్మా, యాక్సిడెంట్ అయింది, డబ్బు పంపు" అని కొడుకు గొంతుతో వచ్చే కాల్‌కి కూడా ఇది పనికిరాదు. కొన్ని సెకన్ల ఆడియో ఉంటే గొంతుని నకలు చేసే సాధనాలు వచ్చేశాయి, ఈ మోడల్ చూసే ఆనవాళ్లనే అవి అనుకరిస్తాయి, కాబట్టి స్కోరు చక్కగా పైకే వస్తుంది. ఫోన్ పెట్టేసి ఆ అబ్బాయి నంబరుకి మీరే చేయండి.

మనుషుల గొంతుల్ని ఊరూపేరూ లేని వెబ్‌సైట్లలో ఎక్కించడం కూడా వద్దు, ఇక్కడ చెప్పినవన్నీ మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తాయి.

మేనత్త సంగతి చెప్పడం మర్చిపోయాను. కొత్త లెక్కంతా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను, అరుగు మీద కూర్చోబెట్టి 1987 నాటి పెదనాన్న గొంతు, ఆ వెంటనే ఈ ముక్క వినిపించాను. రెండుసార్లు విని, "మాట్లాడేది అన్నయ్యేరా, అది సరే, మరి నాన్న దగ్గేదీ?" అంది. నాకర్థం కాలేదు. "దింపు కూలీ సంగతి చెప్పాక నాన్న దగ్గుతాడు కదా, అది తీసేశావేం?" అంది.

ఫోన్లో ఉన్నది నేను శుభ్రం చేసిన ముక్క. ఇంటికొచ్చి ముట్టుకోని అసలు ఫైలు తెరిచి విన్నాను. ముప్పై రెండో సెకను దాటాక, మైకుకి దూరంగా, గోడవైపు నుంచి, పొడి దగ్గు రెండుసార్లు. తాతయ్య ఆ గదిలోనే ఉన్నారు. మాట కాదు కాబట్టి మొదటి రోజే నేను దాన్ని కత్తిరించి పారేశాను.